గోడవైపు తిప్పిన రాయి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన కోనంపాడు గురవమ్మకు ఏనాడూ మంచి ఊరు కాకూడదు. మజ్జిగలో నీళ్ళెక్కువయ్యాయని ఎవరైనా మూతి విరిస్తే, "వాగు పక్కనే ఉంది, పోయి చిక్కటివి తాగు" అని సాగనంపే మనిషి. అయినా మాచర్ల బస్సు వంతెన దగ్గర ఆగిందంటే జనం దిగి నేరుగా ఆమె కుండ దగ్గరికే వచ్చేవాళ్ళు. తిట్టినా ఉప్పు, కరివేపాకు తగ్గనివ్వదని అందరికీ తెలుసు.

ఆ వంతెన తెల్లదొరల కాలంలో గుండ్లవాగు మీద కట్టిన రాతి వంతెన. చుట్టుపక్కల పాడుబడిన మండపాల రాళ్ళు ఏరుకొచ్చి, సున్నం పెట్టి కమానులు లేపారు. తూర్పు చివర పిట్టగోడలో మనిషి రొమ్మెత్తు రాయి ఒకటి ఉండేది. నున్నగా, ఏ చెక్కడమూ లేకుండా ఉండేది. సోమవారం పొద్దున్నే గురవమ్మ దాన్ని కడిగి, పసుపు పూసి, ఆ తర్వాతే కుండ దించుకునేది. అది ఆమె భర్త అంకయ్య రాయి.

అంకయ్య బండి తోలేవాడు. ఒక వానాకాలం వంతెన మీదుగా నీళ్ళు పారుతున్నా, అవతల గట్టు కనిపిస్తోంది కదా అని బండి దింపాడు. నడిమధ్యకు వచ్చేసరికి వాగు పొంగింది. కాడి పలుపులు కోసి ఎద్దుల్ని వదిలాడు. ఎద్దులు ఒడ్డెక్కాయి, మనిషి ఎక్కలేదు. గురవమ్మకు అప్పటికి చంకలో ఒకడు, కడుపులో ఒకడు.

అట్లా పోయినవాళ్ళకు పోయినచోటే రాయి నిలబెట్టడం పల్నాటిలో ఆనవాయితీ. రాతిపని చేసే జక్కయ్య వాగులో వెతికి, బొమ్మలున్న పాతరాయి ఒకటి దొరికిందని సంబరంగా మోసుకొచ్చాడు. కత్తి పట్టిన వీరుడు, పక్కన చెయ్యి పైకెత్తిన ఆడది. గురవమ్మ అత్త ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "ఆడదంటే అట్టుండాలి. మొగుడితోనే పోయింది మారాణిలా" అంది. కొడుకు పోయిన దుఃఖంలో అన్నదో, కావాలని అన్నదో తెలియదు. మాట మాత్రం గురవమ్మ గుండెలో ముల్లులా దిగింది. ముందురోజే ఆమె గాజులు పగలగొట్టారు. మణికట్టు మీద గాట్లు ఇంకా ఆరలేదు.

అత్త ఇంటికి వెళ్ళేదాకా ఆగి, "జక్కయ్య మావా, దారినపోయే వాళ్ళ కాళ్ళు బొమ్మకు తగులుతాయి. గోడవైపు తిప్పి పెట్టు" అని చెప్పింది గురవమ్మ. దేవుడి బొమ్మో మనిషి బొమ్మో, కాళ్ళు తగలకూడదన్నది ఎవరైనా ఒప్పుకునే మాట. జక్కయ్య ఒప్పుకున్నాడు, పిట్టగోడలో తిప్పి పెట్టాడు, సున్నం పూశాడు. తర్వాత అత్తా పోయింది, జక్కయ్యా పోయాడు. ఆ రాయికి ఇంకో ముఖం ఉందని తెలిసిన మనిషి గురవమ్మ ఒక్కతే మిగిలింది. పాతికేళ్ళకు పైగా ఆమె పసుపు పూసింది ఆ రాతి వీపుకే.

సాగరం ఆనకట్ట పనులు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో సిమెంటు లారీలు ఆ దారి పట్టాయి. లారీ ఎక్కితే చాలు, పాత వంతెన పళ్ళు కొరికేది. ఒక కమాను నెర్రె ఇచ్చింది. సర్కారు కొత్త వంతెన మంజూరు చేసింది. పాతదాన్ని కూలగొట్టి, ఆ రాళ్ళను కంకర కొట్టి కొత్త రోడ్డుకు వెయ్యాలన్నారు. ఊరు పండగ చేసుకుంది. గురవమ్మ కూడా సంతోషించింది. వంతెన సరిగా ఉండుంటే అంకయ్య బతికేవాడని ఆమెకు ఎప్పుడూ అనిపిస్తూనే ఉండేది. తన రాయి కూడా ఆ కంకరలోకే పోతుందన్న సంగతి మరునాటికి గానీ తట్టలేదు.

కూలగొట్టే ముందు చూసి రమ్మని పురావస్తు శాఖ వాళ్ళు కృపానందం అనే కుర్ర ఉద్యోగిని పంపారు. ముప్పాళ్ళలో బడిపంతులు కొడుకు. వంతెనలో పాత శిల్పాలు, శాసనాలు ఏవైనా ఉన్నాయేమో చూసి, దాచదగినవాటికి సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టడం అతని పని. గుర్తున్న రాళ్ళు మాచర్లలో శాఖ వాళ్ళ షెడ్డుకు వెళ్తాయి. మిగతావన్నీ సమ్మెట కిందికి. కమానుల కింద మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, రాతికి తడికాగితం అతికించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అక్షరాల అచ్చు తీస్తుంటే ఊళ్ళోవాళ్ళు గట్టున కూర్చుని వేడుక చూసేవాళ్ళు.

మధ్యాహ్నానికి అతను ఎండకు కమిలిపోయి మజ్జిగ కోసం వచ్చేవాడు. గురవమ్మకు అతని మీద జాలి కలిగింది. ఆ ముక్క పైకి చెప్పే మనిషి కాదు కాబట్టి, "రాళ్ళకు చొక్కాలు కుట్టడానికి కొలతలు తీస్తున్నావా నాయనా?" అని ఎగతాళి చేసింది. అతను నవ్వి ఇంకో ముంత అడిగాడు.

తూర్పు పిట్టగోడ దగ్గర అతను అంకయ్య రాతిని చేత్తో తడిమి, ముందుకు వెళ్ళిపోవడం ఆమె చూసింది.

"దానికి గుర్తు పెట్టలేదేం బాబూ?"

"అది మామూలు రాయమ్మా. దానిమీద ఏమీ లేదు. మేం పాతవే తీసుకుంటాం."

"ఎంత పాతదైతే పనికొచ్చుద్ది? నా మొగుడు పోయి పాతికేళ్ళు దాటింది."

కృపానందం నవ్వబోయి, పసుపు చూసి ఆగిపోయాడు. "నాలుగైదు వందల ఏళ్ళవి కావాలమ్మా" అన్నాడు మెల్లగా.

"అందాకా నేనుండనులే" అంది గురవమ్మ.

కాంట్రాక్టరు మేస్త్రీని అడిగి చూసింది. "సర్కారు సొమ్మమ్మా, గుర్తు లేని రాయి ఒక్కటి బయటికి పోయినా నా మీద పడుద్ది. అయినా రాయిదేముంది, వాగు నిండా రాళ్ళే. ఇంకోటి నిలబెట్టుకో" అన్నాడు. పెద్దకొడుకూ అదే అన్నాడు. ఆమె ఇద్దరినీ సమానంగా తిట్టింది.

తిట్టిందే గానీ ఆ సాయంత్రం కుండ ఖాళీ అయినా ఇంటికి పోలేదు. రాతికి ఆనుకుని కూర్చుంది. నోరు విప్పి ఒక్క మాట చెబితే రాయి బతుకుతుంది. చెబితే బొమ్మ బయటపడుతుంది. బొమ్మ బయటపడితే ఎందుకు తిప్పించావని ఊరు అడుగుతుంది. అత్త ఒక్కతి అన్న మాట ఇప్పుడు ఊరంతా అంటుంది. గురవమ్మ భయపడటం ఊరు ఎప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం మాత్రం ఆమె నిజంగా భయపడింది.

మరునాడు పడమటి వైపు నుంచి సమ్మెటలు మొదలయ్యాయి. ఒక్కో దెబ్బకూ వంతెన ఇవతలి కొస దాకా అదిరేది. గోడ సగం దాకా పడ్డాక గురవమ్మ లేచి, అచ్చులు చుట్టి సంచిలో సర్దుకుంటున్న కృపానందం దగ్గరికి వెళ్ళింది.

"ఆ రాతిని అటువైపు చూడు బాబూ. బొమ్మ ఉంది."

"మీకెట్లా తెలుసమ్మా?"

"తిప్పించింది నేనే కాబట్టి."

గడ్డపారలు వేసి రాతిని ఊడదీశారు. కృపానందం సున్నం గీకి, నీళ్ళు పోసి కడిగాడు. వీరుడు, పక్కన ఆమె. మోచెయ్యి మడిచి అరచెయ్యి పైకెత్తి నిలబడింది. మణికట్టు నుంచి వరసగా గాజులు. ఒక్కటీ చెదరలేదు. చుట్టూ మూగిన జనానికి అతను ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. అతనికేం తెలుసు పాపం. "ఈయన పోరులో పోయాడు. ఈమె ఆయనతో పాటు మంటల్లో దిగింది. గాజులు చూశారా? ముత్తైదువగా పోయిందని గుర్తు."

అందరూ బొమ్మ చేతిని చూశారు. తర్వాత గురవమ్మ బోసి చేతుల్ని చూశారు. పొరుగింటి శేషారత్నం అడగనే అడిగింది. "అందుకా అక్కా తిప్పించింది?"

"అందుకే" అంది గురవమ్మ. "ఆమె పోయింది. నేను పోలా. పోతే నా బిడ్డల్ని నువ్వు సాకేదానివా? దినామూ ఆమె మొహం చూస్తా మజ్జిగ అమ్మటం నా వల్ల కాలా. తిప్పించా."

శేషారత్నం వచ్చి ఆమె పక్కన నిలబడింది. కృపానందం తలవంచుకుని సుద్దముక్కతో రాతి అంచున గుర్తు పెట్టాడు. "మంచి రాయమ్మా. జాగ్రత్తగా చూసుకుంటాం" అన్నాడు. అప్పుడర్థమైంది గురవమ్మకు. రాయి బతికింది గానీ తనకు మిగల్లేదు. అదే రోజు లారీ మీద గడ్డి పరిచి దాన్ని పడుకోబెట్టి మాచర్ల తీసుకుపోయారు.

సోమవారాలు వచ్చేవి. కడగడానికి ఏమీ ఉండేది కాదు. ఊరు ఆమె అనుకున్నంత చెడ్డగా ఏమీ అనలేదు. ఆడవాళ్ళయితే అసలే అనలేదు. అయినా కుండ దించుకునే ముందు చేతులకు ఏదో పని తక్కువైనట్టు ఉండేది. అంకయ్యను రెండోసారి వాగుకు ఇచ్చినంత బాధపడింది.

కొత్త వంతెన పూర్తయిన వేసవిలో, కొంగున పసుపు ముడి వేసుకుని ఆమె మాచర్ల బస్సెక్కింది. షెడ్డు కాపలాదారు ఖాసిం తలుపు తీసి, "చూడు గానీ పసుపులూ బొట్లూ పెట్టమాక. సర్కారు రాయి" అని హెచ్చరించాడు. తర్వాత ఆమె మొహం చూసి, బీడీ వెలిగించుకుంటానని బయటికి నడిచాడు.

రాయి గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. బొమ్మలు ఇటువైపు. పాతికేళ్ళ పసుపుతో పచ్చబడిన వీపు గోడవైపు. అంకయ్య ముఖం అనుకుని ఆమె కడిగిన వైపు ఇప్పుడు కనబడదు. సందులో చెయ్యి దూర్చి చూసింది, పట్టలేదు. "నువ్వు కాసేపు గోడ చూస్తా ఉండయ్యా" అంది అంకయ్యతో.

ఇక ఆ ఆడదాని ఎదురుగా కూర్చోక తప్పలేదు. ఆమె ముఖంలోకి గురవమ్మ నిదానంగా చూడటం అదే మొదటిసారి. పడుచుపిల్ల. తన కోడలి వయసు కూడా ఉండదు. కళ్ళు పెద్దవిగా చెక్కారు. గురవమ్మకు ఇన్నేళ్ళ కోపం ఎటు పోయిందో తెలియలేదు, ఏడుపొచ్చింది.

"ఇన్నాళ్ళూ నిన్ను గోడకేసి నిలబెట్టా తల్లీ. ఏమనుకోమాక" అంది. కొంగు ముడి విప్పి, తెచ్చిన పసుపంతా ఆమె పాదాలకు పూసింది. పూస్తూ పూస్తూ తలెత్తి అడిగింది.

"పోతావా అని నిన్ను ఎవరన్నా అడిగారా అమ్మా?"