నా పిస్టల్, మా అమ్మాయి షరతు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా వాళ్ళందరికీ తెలుసు. అందుకే, నలభై ఆరేళ్ళ వయసులో పిస్టల్ కొనుక్కుని షూటింగ్ పోటీలకు వెళ్తానని నేను భోజనాల దగ్గర చెప్పినప్పుడు, "నీ చేతికి తుపాకీ కూడానా, నోరు చాలదూ?" అని మా ఆయన నవ్వాడు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. కంచం పక్కకి నెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. దానికప్పుడు పదహారేళ్ళు. పుట్టింది, పెరిగింది ఇక్కడే, అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో.

ఈ సరదా నాకు కొత్తది కాదు. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు నేల మీద బోర్లా పడుకుని పాయింట్ టూటూ రైఫిల్ పేల్చేదాన్ని. గురి బాగా కుదిరేది. ఆ తర్వాత పెళ్ళి, వీసా, ఉద్యోగం. వీసా మీద ఉన్నన్నాళ్ళూ మాలాంటివాళ్ళు తుపాకీ జోలికి వెళ్ళకూడదని ఇక్కడి చట్టం. గ్రీన్ కార్డ్ చేతికొచ్చేసరికి జుట్టు సగం నెరిసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా పక్కింటావిడ, రిటైరైన స్కూల్ టీచర్, ఒక ఆదివారం పొద్దున తనతో పాటు మ్యాచ్ చూడటానికి తీసుకెళ్ళింది.

దీన్ని ప్రాక్టికల్ షూటింగ్ అంటారు. ఒకచోట నిలబడి ఒకే గురిని కొట్టే ఆట కాదు. పరుగెత్తాలి, చెక్క గోడల పక్కనుంచి వంగి చూడాలి, అక్కడక్కడా నిలబెట్టిన అట్టలకు రెండేసి గుళ్ళు తగిలించాలి. గురికి మార్కులు, వేగానికి మార్కులు. ఆడేవాళ్ళ వెనకాలే, నియమాలు చూసే రేంజ్ ఆఫీసర్ టైమర్ పట్టుకుని నడుస్తుంటాడు. డెబ్బైకి దగ్గరపడుతున్న మా టీచరమ్మ మోకాళ్ళ పట్టీలు కట్టుకుని ఆ ఎర్రమట్టిలో పరుగెత్తుతుంటే నాకు అసూయ పుట్టింది. ఉన్నమాట చెప్తున్నాను, అసూయే.

మా అమ్మాయిని ఒప్పించడానికి దాని గదికి వెళ్ళాను.

"అమ్మా, నాకు గన్స్ ఇష్టం లేదు. యూ నో దట్."

"ఇది ఆట నాన్నా. అట్టల మీద కొట్టే ఆట."

"ఆట కావాలంటే టెన్నిస్ ఆడు."

వారం రోజులు ఇదే వాదన. మా ఆయన్ని తీర్పు చెప్పమంటే, "మీ తల్లీకూతుళ్ళే తేల్చుకోండి" అని ల్యాప్‌టాప్‌లో తల దూర్చాడు. చివరికి అదే దిగొచ్చింది, ఒక షరతు మీద.

"సేఫ్‌లో లాక్ చేసి పెట్టాలి. బుల్లెట్స్ వేరే చోట. ఇంకా, నువ్వు ఒక్క మిస్టేక్ చేసినా నాకు చెప్పాలి. చిన్నదైనా. అప్పుడు అది ఇంట్లో ఉండదు. డీల్?"

"డీల్" అన్నాను, తేలిగ్గా. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకుంటున్నదాన్ని. నేను తప్పు చేయడమేమిటని నా ధీమా.

ఇక ఎంపిక మొదలైంది. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క ప్రశ్న వేసినందుకు పదిమంది నిపుణులు బయటపడ్డారు. వాళ్ళలో ఒక్కరూ పోటీకి వెళ్ళినవాళ్ళు కాదు. "లేడీస్‌కి చిన్నది బెటరండీ" అని అందరిదీ ఒకటే మాట. కొట్టులోనూ అంతే. నేను అడుగుతుంటే కౌంటర్ దగ్గరి మనిషి మా ఆయనకు జవాబు చెప్పాడు. మా ఆయనేమో ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండి బయటికొచ్చేశాను.

టీచరమ్మతో చెబితే పకపకా నవ్వింది. "కొనకముందు పేల్చి చూడాలి" అని తన పిస్టళ్ళు నాలుగు పట్టుకుని రేంజ్‌కి తీసుకెళ్ళింది. అందరూ చెప్పిన చిన్నదే ముందు తీసుకున్నాను. అరచేతిలో ఇమిడిపోయింది, ముచ్చటేసింది. పేల్చగానే మణికట్టు జివ్వుమంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అదే. బరువు లేదు కాబట్టి ఆ అదురంతా మన చేతికే వస్తుందని ఆవిడ చెప్పింది. జేబులో దాచుకోవడానికి పనికొచ్చేది పోటీకి పనికిరాదు. రెండోది ఎర్ర చుక్క కనబడే అద్దం ఉన్నది. చుక్క వెతుక్కోవడంతోనే నాకు సరిపోయింది. మూడోది మంచిదే గానీ, ట్రిగ్గర్ మీదికి వేలు అందడానికి చేతిని పక్కకి తిప్పి పట్టుకోవాల్సి వచ్చింది.

నాలుగోది పెద్దది, బరువైనది, చూడటానికి ఏ సోకూ లేనిది. టీచరమ్మ అది ఖాళీగా ఉందని తను చూసి, నాకు చూపించి, చేతిలో పెట్టింది. కళ్ళు మూసుకుని ఎదురుగా ఎత్తమంది. కళ్ళు తెరిస్తే పిస్టల్ మీద గురి చూసే ముందు గుర్తు, వెనక గుర్తు ఒకే వరసలో ఉన్నాయి. మూడుసార్లు చేసినా అంతే. పేలిస్తే మెల్లగా లేచి మళ్ళీ తన చోటికే వచ్చింది. నాకు అదే కావాలన్నాను. మొదటిసారి కొనేవాళ్ళు తమకు రాబోయే నైపుణ్యానికి తగ్గది కొనాలని చూస్తారట. ఈ రోజు ఉన్న చేతికి ఏది సరిపోతుందో అది కొనుక్కోవాలని ఆవిడ మాట.

కొన్నాను. దానితో పాటు నడుముకి కట్టుకునే, ట్రిగ్గర్ పూర్తిగా మూసి ఉంచే గట్టి హోల్‌స్టర్, గుళ్ళు నింపుకునే మ్యాగజైన్లు నాలుగు. రెండు నెలలు సాధన చేశాను. అన్నిటికంటే ముందు నేర్పిన నియమం ఒకటుంది. పిస్టల్ బ్యారెల్ ఎప్పుడూ ముందున్న మట్టిగట్టు వైపే ఉండాలి. భుజాల వరస దాటి వెనక్కి వచ్చిందా, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. ఆ నియమం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

నా మొదటి మ్యాచ్‌లో రెండో రౌండ్ అది. పరుగు బాగా వచ్చింది. గుళ్ళన్నీ తగిలాయని నాకే తెలుస్తోంది. చివరి అట్ట అయ్యాక వెనకనుంచి రేంజ్ ఆఫీసర్, తెల్లగడ్డం పెద్దాయన, ఎంతో మర్యాదగా, "మీది అయిపోతే గుళ్ళు తీసేసి, ఖాళీ అని చూపించండమ్మా" అన్నాడు.

"ఎస్ సర్" అంటూ ఆయన వైపు తిరిగాను.

పెద్దవాళ్ళు మాట్లాడితే ముఖం చూసి జవాబు చెప్పాలి. వీపు పెట్టి మాట్లాడటం పొగరు. నన్ను అలా పెంచారు, మా అమ్మాయికీ అదే నూరిపోశాను. ఆ పెంపకం రెండు నెలల సాధన కంటే ముందు కదిలింది. నాతో పాటు చేతిలోని పిస్టల్ కూడా తిరిగింది. అందులో ఇంకా గుళ్ళున్నాయి.

"స్టాప్!"

పెద్దాయన అరుపుకి కొయ్యబారిపోయాను. వేలు ట్రిగ్గర్ మీద లేదు, పేలలేదు. ఆయన వెనక వరసలో నిలబడ్డవాళ్ళు ఒక్కసారిగా వంగారు. వాళ్ళలో టీచరమ్మ ఉంది. ఆవిడ ముఖంలో ఒక్క క్షణం భయం చూశాను. ఆ భయం నన్ను చూసి.

నన్ను పోటీలోంచి తీసేశారు. ఎవరూ తిట్టలేదు. నాకు మాత్రం భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది. కారెక్కి పారిపోదామనుకుంటే టీచరమ్మ వచ్చి నా చేతిలో టేపు రోల్ పెట్టింది. తీసేసినవాళ్ళు కూడా చివరిదాకా ఉండి, మిగతావాళ్ళు ఆడాక అట్టల మీది చిల్లులకు టేపు అంటించడం అక్కడి పద్ధతి. మధ్యాహ్నం దాకా ఇతరుల చిల్లులు మూస్తూ గడిపాను.

ఇంటికి నలభై ఐదు నిమిషాల దారి. చెప్పకపోతే మా అమ్మాయికి తెలిసే మార్గం లేదు. ఎవరికీ ఏమీ కాలేదు కదా, వచ్చే నెల చెబుదాం అని కూడా అనుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఒక కొత్త సాకు దొరికింది. ఇంట్లోకి వచ్చి, అది సోఫాలో కూర్చుని ఉంటే, బూట్లు కూడా విప్పకుండా చెప్పేశాను.

"ఎవరికైనా తగిలిందా?" అంది.

"లేదు. పేలలేదు."

"లోడెడ్?"

"ఆఁ."

"అక్కడ ఎంతమంది ఉన్నారు?"

"ఏడుగురు."

అది అరుస్తుందనుకున్నాను. దానికి నా జవాబులు నేను సిద్ధం చేసుకున్నాను కూడా. అరవలేదు. మోకాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది.

"సెకండ్ గ్రేడ్‌లో నేను పట్టీలు తీసేశాను. గుర్తుందా?"

గుర్తులేకేం. మా అత్తగారు ముచ్చటపడి చేయించిన వెండి మువ్వల పట్టీలు. ఒకరోజు స్కూలు నుంచి వస్తూనే అవి వద్దని పేచీ పెట్టింది. మన పిల్లలా కనబడటానికి సిగ్గుపడుతోందని నేను నానా మాటలూ అన్నాను. ఏడిపించాను కూడా.

"ఆ రోజు లాక్‌డౌన్ డ్రిల్. స్కూల్లోకి ఎవరైనా గన్‌తో వస్తే దాక్కునే ప్రాక్టీస్," అంది. "లైట్స్ ఆఫ్ చేసి అందరం వాల్ దగ్గర కూర్చున్నాం. సౌండ్ చేస్తే బ్యాడ్ గై వింటాడు అని టీచర్ చెప్పింది. నేను కొంచెం కదిలాను, పట్టీలు సౌండ్ వచ్చింది. అందరూ నన్నే చూశారు. నాకు డ్రిల్ అని తెలీదు అమ్మా. నా వల్ల అందరూ చచ్చిపోతారు అనుకున్నా."

"ఏం చేశావు మరి?"

"రెండు చేతులతో కాళ్ళు గట్టిగా పట్టుకున్నా. అయిపోయేదాకా."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్దామనే వచ్చా. నువ్వు అరిచావు."

ఏడేళ్ళ పిల్ల చీకట్లో తన కాళ్ళు తనే పట్టుకుని కూర్చున్న రోజున, ఇంటికొచ్చాక నా చేత తిట్లు తింది. దాని ముందే ఏడ్చాను. అది నన్ను ఓదార్చలేదు, ఓదార్చాలని నేనూ అనుకోలేదు.

పిస్టల్ పెట్టె ఇంకా కారు డిక్కీలోనే ఉంది. టీచరమ్మ దగ్గర ఉంచుదామని ఫోన్ చేస్తే, ఆవిడ మ్యాచ్ నుంచి అటే తమ్ముడి ఇంటికి వెళ్ళిందని తెలిసింది. అక్కడికే తెచ్చివ్వమంది. బయల్దేరుతుంటే మా అమ్మాయి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. అక్కడ కారు దిగలేదు. పెట్టె ఇచ్చి, తన సేఫ్‌లో ఉంచమని చెప్పి వచ్చాను.

తిరిగి వస్తుంటే, "మళ్ళీ మ్యాచ్‌కి వెళ్తావా?" అంది.

"నువ్వు వద్దంటే వెళ్ళను."

"వెళ్ళు. ఇంటికి మాత్రం తేకు."

సరేనన్నాను. మా వీధి మలుపు దగ్గరికి వచ్చేశాం. ఇలా నాకు చెప్పకుండా ఉన్నవి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాను.

"ఉన్నాయి" అంది.

మలుపు తిరగకుండా కారు అలాగే ముందుకు పోనిచ్చాను.