పగులు లేని కూజా

మా బెళ్ళందూరు ఆఫీసులో కప్పులన్నీ తెల్లవే, అన్నీ ఒకే అచ్చు. నా కప్పు అంచున చిన్న పెచ్చు ఊడి ఉండేది. రెండేళ్ళుగా దాన్నిబట్టే పోల్చుకునేవాణ్ణి. ఒక సోమవారం హౌస్‌కీపింగ్ అక్క దాన్ని పారేసి, మచ్చలేని కొత్తది పెట్టింది. అప్పట్నుంచి ఎవరి కప్పులో తాగుతున్నానో నాకు తెలియదు. ఇలాంటి ఫిర్యాదుకి మా పోర్టల్లో గడి కూడా లేదు.

మా పని ఫొటోలు బాగుచేయడం. అమ్మకానికి పెట్టే చెప్పులు, సోఫాలు, కుక్కర్లు. గీతలుంటే చెరుపుతాం, వెనక గోడ తీసేసి తెలుపు పెడతాం. ఒకసారి మాత్రం పరాయి దేశపు మ్యూజియం పని వచ్చింది, ఉచితంగా చేసిపెట్టమని. యుద్ధం వాళ్ళ ఊరి దాకా వచ్చేసింది. అక్కడ వస్తువుల్ని చూసుకునే ఆవిడ, పెట్టెల్లో సర్దేముందు ఒక్కోదాన్నీ తన ఫోన్లో తీసి పంపింది. పోతే వెతుక్కోవడానికి ఒక కేటలాగు కావాలి, అంతే. ఫొటోలు మసకగా ఉన్నాయి. కొన్నిట్లో కొలత కోసం స్కేలు పట్టుకున్న ఆవిడ వేళ్ళు కూడా పడ్డాయి.

మా టీంలో నిజామాబాద్ అమ్మాయి ఒక మట్టికూజా ఫొటో తెరిచి, "అన్నా, ఈ పగులు ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అని అడిగింది.

"తీసెయ్యమ్మా. పెళ్ళికూతురి ఫొటోలో మొటిమ ఉంచుతామా?" అన్నాను.

అందరూ నవ్వారు. నా జోకులకి అందరూ నవ్వడం అరుదు కనక ఆ రోజు బాగా గుర్తు. పగుళ్ళు తీశాం, అతుకులు తీశాం, వేళ్ళు తీశాం, స్కేలూ తీశాం. కేటలాగు శుభలేఖలా మెరిసింది. అసలు ఫొటోలు, ముప్పై రోజుల తరవాత ఏదీ దాచకూడదన్న మా నిబంధన ప్రకారం, వాటంతటవే చెరిగిపోయాయి.

తరవాత మ్యూజియాన్ని దోచుకున్నారు. మిగిలింది తగలబెట్టారు, కంప్యూటర్లు అందులోనే పోయాయి. సరిహద్దు దాటేటప్పుడు ఆవిడ ఫోను లాక్కున్నారు. మిగిలింది మా కేటలాగొక్కటే. దాన్నే దేశదేశాలకీ పంపారు.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక ఆవిడ వీడియో కాల్ చేసింది. ఇంగ్లీషు ఆవిడకీ అంతంతే, నాకూ అంతంతే. ఆ కూజా మరో దేశంలో వేలానికి వచ్చిందట. పిడి కింద పగులు, దాని మీద నల్లటి జిగురు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ అతుకు తనే వేసిందట, కాస్త వంకరగా. "నా వంకర నేను గుర్తుపట్టనా?" అని నవ్వింది. అమ్మేవాళ్ళు మాత్రం మా కేటలాగు పేజీనే తీసి చూపించారట: మీ కూజాకి పగులే లేదు కదా, ఇది మీదెలా అవుతుంది? నేను అసలు ఫొటో పంపితే శుక్రవారం వేలం ఆపించవచ్చట.

లేదు అన్న ఒక్క మాట చెప్పడానికి నాకు చాలా వాక్యాలు పట్టాయి. నిల్వ విధానం అన్నాను, సర్వర్ అన్నాను. ఆవిడ చివరిదాకా మర్యాదగా విన్నది. "ఫొటోలు మాత్రం చాలా అందంగా వచ్చాయి" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. ఎత్తిపొడిచినా బాగుండేది.

శుక్రవారం మధ్యాహ్నం వేలం సైటులో కూజా పక్కన 'అమ్ముడైంది' అని పడింది. భోజనానికి లేవకుండా, మా కేటలాగు పేజీ కూడా పక్కన తెరిచి, దాన్నే చూస్తూ కూర్చున్నాను. హౌస్‌కీపింగ్ అక్క బల్ల తుడవడానికి వచ్చింది. పుట్టి పెరిగింది ఇక్కడే, యలహంకలో. కన్నడ మాటలు కలిసినా, ఆవిడ తెలుగు మా అందరి తెలుగు కన్నా పాతది.

"ఏమప్పా, ఊట చెయ్యలేదా? ఎవురిదీ కూజా?"

జరిగిందంతా చెప్పాను. కొంచెం ఓదారుస్తుందని ఆశ. ఆవిడ గుడ్డ చేతిలోనే పట్టుకుని, తెర మీది రెండు కూజాల్నీ, వాళ్ళు పెట్టిన పగులుదాన్నీ మేము చేసిన నున్నటిదాన్నీ, చాలాసేపు చూసింది.

"కూజా దొంగోళ్ళు ఎత్తుకొని పోయినారు, సరే. దాని గుర్తు ఎత్తేసింది మీరే కదప్పా."