అద్దానికి అటువైపు అన్న

లేని కాలు నొస్తుందంటే ఎవరు నమ్ముతారు? మా అన్న అసలే నమ్మలేదు. "లేని కాలు ఎట్ల నొస్తదిరా? యాక్టింగ్ చేస్తున్నవ్" అన్నాడు, చుట్టాలందరి ముందూ. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాలు పోగొట్టిందెవరు మరి? పంజాగుట్ట చౌరస్తాలో బండి నడుపుతూ ఫోన్ చూసింది ఆయన. బస్సు చక్రం కింద నలిగింది వెనక కూర్చున్న నా ఎడమ కాలు. మోకాలి కింది నుంచి తీసేశారు. ఆయనకు చిన్న గీత కూడా పడలేదు. పైగా "తమ్ముడే కదిలిండు, బండి బ్యాలెన్స్ తప్పింది" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

నొప్పి వచ్చిందంటే లేని వేళ్లు మెలితిరిగి బిగుసుకునేవి. గుండె దడదడా కొట్టుకుని, మధ్యలో ఒక దెబ్బ తప్పేది. సోమాజిగూడ డాక్టరు గుండెకేమీ కాలేదన్నాడు. "కాలు పోయినా మీ మెదడులో దాని చోటు అలాగే ఉంది. నరాల నుంచి కబురు రాకపోతే నొప్పిని అదే పుట్టించుకుంటోంది. ఆ నొప్పికే గుండె పరిగెడుతోంది" అన్నాడు. ఫిజియోథెరపీ మేడం అద్దం వైద్యం నేర్పింది. రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టుకుని, కుడి పాదం ఆడిస్తూ అందులో చూడాలి. పోయిన కాలే కదులుతోందని మెదడు నమ్ముతుందట. "అద్దాన్ని స్టూలుకు ఆనించుకుంటే చాలు" అంది.

ఆ ఒక్క మాటా ఇంట్లో చెప్పలేదు. "అన్నే పట్టుకోవాలట" అన్నాను. అమ్మ ముందు కాదనలేకపోయాడు.

పై అంతస్తులో ఉండే అన్న రోజూ పొద్దున ఆఫీసుకు పోయే ముందు కిందికి దిగి, నేల మీద కూర్చుని అద్దం పట్టేవాడు. నాకు కనిపించేవి రెండు కాళ్లు. ఆయనకు కనిపించేది మొండి కాలు, దాని మీద కుట్ల మచ్చలు. తల తిప్పుకుంటే చాలు, "అన్నా, అద్దం వంగుతుంది, జర ఇటు చూడు" అనేవాణ్ని. కసితీరా అనేవాణ్ని. తప్పు తనదేనని ఆ నోటితోనే చెప్పించాలి, అదొక్కటే నా పట్టు.

నెల తిరిగేసరికి వేళ్లు విడివడ్డాయి. నొప్పి పోయింది, గుండె కుదుటపడింది. నేను ఎవరికీ చెప్పలేదు.

మొన్న అన్న అద్దం పక్కన పెట్టేశాడు. "నేనే ఫోన్ చూస్తుంటి తమ్మీ. నీ తప్పేం లేకుండె" అని అమ్మ వినేలా ఏడ్చాడు. ఎన్నాళ్లు కాచుకున్న మాట! జాలిపడదామని చూశాను. జాలి రాలేదు.

కళ్లు తుడుచుకుని, "ఇప్పుడెట్లుందిరా నొప్పి?" అని అడిగాడు.

"మస్తు నొస్తున్నదన్నా. రేపు జర జల్దీ రా" అన్నాను.