పొజ్జే చింతలనార్ నుంచి తెచ్చిన చూడి

ఆవపల్లి చుట్టుపక్కల ఏడు ఊళ్లలో ఇప్పటిదాకా ముప్పై నాలుగు కోడెలను చూసి, ఇది ఆబోతుగా పనికొస్తుంది అని చెప్పింది నేనే. ఒక్కసారీ నా మాట తప్పు కాలేదు. ఐదో తరగతి దాకా హిందీ బడిలో చదివాను. తెలుగు అక్షరాలు మా నాయన నేర్పాడు. దోర్లీ మాట్లాడతాను, సంతలో హల్బీ వాళ్లతో బేరమాడగలను. పంచాయతీకి వచ్చిన కాగితాలు ఇరవై ఏళ్లు ఊరికి చదివి చెప్పాను. ఉన్న సంగతులే కనుక రాస్తున్నాను. కాని ఇప్పుడు రాయవలసింది మా ఊరి పొజ్జే గురించి. పశువును చూసే కన్ను ఆమెది నాకంటే మిన్న. ఆ మాట ఆమెతో ఒక్కనాడూ అనలేదు.

పొజ్జే పుట్టిల్లు చింతలనార్ వైపు. మాడను పెళ్లి చేసుకుని మా ఊరు వచ్చింది. మాడ జ్వరంతో పోయేనాటికి ఇంట్లో మిగిలింది ఆమె, ఐదు ఆవులు, ఒక జత ఎడ్లు, ఒక ముసలి ఆబోతు. పిల్లలు లేరు. ఆ ఆవులు పొట్టివి, గిట్టలు గట్టివి, మేకల్లా గుట్ట ఎక్కుతాయి. వాటి పాలు ఆమె పిండదు. ఆవు పాలు దూడవి, మనవి కావు అని వాళ్ల ఇళ్లలో పెద్దల మాట. పాలన్నీ తాగి పెరిగిన ఆ కోడెలు ఎడ్లయ్యాక బురద మడిలో పొద్దు వాలేదాకా ఆగవు. నాగలి లేని మూడిళ్ల పొలాలు ఏటా ఆమె ఎడ్లతోనే దున్నేవారు. ఒంటరి ఆడదానికి ఊళ్లో ఉన్న మర్యాదంతా ఆ మందలోనే ఉంది.

ముసలి ఆబోతు పని అయిపోవచ్చిందని అందరికంటే ముందు కనిపెట్టింది ఆమే. మందలో పెయ్యలన్నీ దాని కూతుళ్లే. దాని కొడుకునే నిలబెడితే అక్కచెల్లెళ్లనే దాటుతాడు, రెండు తరాల్లో మంద కుంగిపోతుంది. ఐదేళ్ల కిందట ఆమె తన ఆవుల్లో మేలైనదాన్ని పలుపు పట్టుకుని పుట్టింటికి బయలుదేరింది. తాలిపేరు వాగు దాటి, అడవి దారిన మూడు రోజుల నడక. ఆవు ఎదకు వచ్చేదాకా ఇరవై రెండు రోజులు తమ్ముడింట్లో ఉంది. అక్కడి ఆబోతుతో దాటించి, చూడి నిలిచిందని నమ్మకం కుదిరాక మళ్లీ మూడు రోజులు నడిపించుకుని వచ్చింది. అప్పటికి ఆమెకు యాభై ఆరేళ్లు. మా ఊళ్లో ఏ మగవాడూ ఒక దూడ కోసం అంత పని చేయలేదు. నేనూ చేయలేదు.

పుట్టింది కోడెదూడ. నిరుడు వానలకు ముందు పొజ్జే నా గుమ్మంలోకి వచ్చింది.

"అన్నా, కోడె రెండు పళ్లు ఏసింది, ఈడుకొచ్చింది. రేపు పొద్దున వచ్చి చూడు."

"నువ్వు చూడలేదా ఏంది?"

"నేను పెంచిన దాన్ని. నా కంటికి గుడ్డిది గూడ ముద్దుగనే ఉంటది. ఊరు నమ్మాల్నంటే నీ నోట రావాలె."

అది నిజమే. మా దగ్గర ఆబోతును ఊరు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే అది ఎవరి చేలో పడ్డా కర్ర ఎత్తరు. లేకపోతే మిగతా కోడెల్లాగే విత్తు కొట్టించి నాగలికి కడతారు.

మర్నాడు తడి ఇసుక మీద కోడెను నడిపించాను. ముందు కాలి గుర్తులోనే వెనక కాలు పడింది. మూపురం నిలువుగా ఉంది, పక్కకు ఒరగలేదు. పొట్ట కింది తోలు వేలాడడం లేదు, ముళ్లకు గీరుకోదు. తర్వాత వెనక్కి వెళ్లి, కూర్చుని, విత్తులు చేత్తో పట్టి చూశాను. రెండూ ఒక్క తీరు, ఒక్క ఎత్తు, పండబోయే మామిడికాయంత గట్టి. పక్కింటి హుంగా కంచె మీద మోచేతులు పెట్టి చూస్తున్నాడు.

"కాశన్నా, ఇంకెంత సేపు పట్టుకుంటవ్? దాని పెళ్లాం చూస్తే ఊరుకోదు."

"నీ పెళ్లి చూపులకు నిన్ను ఇట్లనే చూసి ఉంటే ఆ పిల్ల బతుకు బాగుపడేది" అన్నాను. పొజ్జే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండో రోజు ఎదకు వచ్చిన ఆవును గాలికి ఎగువన కట్టి, కోడె ముందు పచ్చగడ్డి వేశాం. కోడె గడ్డి వదిలి, ఆవు వాసన పట్టి ముట్టె పైకెత్తింది. నేను లేచి, చూడవచ్చిన ఊరివాళ్లందరికీ చెప్పాను: నా చేతి మీదుగా ఇంత మంచి కోడె పోలేదని. పొజ్జే కోడె మెడ నిమిరింది. చింతలనార్‌లోని దాని తండ్రి ఆ ఎండాకాలమే చచ్చింది. ఇక్కడి ముసలిది అంతకుముందే పోయింది. ఆ మందకు మిగిలిన ఆశ ఇదొక్కటే. అది నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

పది రోజులకు ఊరికి పశువుల శిబిరం వచ్చింది. గొంతువాపు రాకుండా సూదులు వేస్తారు. పొజ్జే కోడెను తోలుకొచ్చి, "హిందీ నాకు రాదు, నువ్వే మాట్లాడన్నా" అంది. ఆ పని ఎప్పుడూ నాదే. కాంపౌండరు ఎక్కడో హిందీ వైపు నుంచి వచ్చినవాడు, మెత్తని మనిషి. కోడెను అటూ ఇటూ చూసి నన్ను అడిగాడు:

"బాబా, ఇస్కో బధియా కర్నా హై క్యా?"

సంతలో వంద సార్లు విన్న మాట. బియ్యం బధియా, బట్ట బధియా. మేలైనది అని. దీనికి పని మంచిగా చేయాలా అని అడుగుతున్నాడనుకున్నాను.

"హా, హా. ఏక్‌దమ్ బధియా కరో" అన్నాను.

అని పక్కకు తిరిగాను. ఉసూర్ నుంచి వచ్చిన ఇద్దరు నిలబడి ఉన్నారు. నేను ఎంచిన ఆబోతుల గురించి వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను. వెనక నలుగురు తాళ్లు వేసి కోడెను పడేశారు. జనం మూగారు, మా ఇద్దరికీ ఏమీ కనబడలేదు. కోడె ఒకసారి అరిచింది. కాసేపటికి మళ్లీ అరిచింది.

"అన్నా, సూదికి ఇంతగనం అరుస్తదా?"

"పౌరుషం ఉన్న కోడె. నలుగురు మీద పడితే ఊరుకుంటదా?"

ఆమె ముందుకు పోబోయింది. నేను చెయ్యి పట్టి ఆపాను.

మర్నాడు తెల్లవారగానే ఆమె కేక విని వెళ్లాను. కోడె వెనక కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. సంచి వాచిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే పైన రెండు వైపులా నరం నలిగిన గాడి వేలికి తగిలింది. ఇనుప పటకారు పట్టిన గుర్తు. కాంపౌండరు ఇచ్చిన చీటీ చూరులో దోపి ఉంటే తీసి చదివాను. బధియా అని రాసి ఉంది, అందులో ఉన్న అక్షరం 'ధ'. మేలైనదాన్ని హిందీలో బఢియా అంటారు, అందులో 'ఢ' రావాలి. 'ధ' పెట్టి బధియా అంటే విత్తు కొట్టడం. మా నోట రెండూ ఒకటే మాట. చదువుకున్నవాణ్ణి, నా చెవికీ ఒకటే అయింది.

పొజ్జేకు అంతా చెప్పాను.

"నువ్వేమన్నవ్ ఆయనతోని?"

"మంచిగ చెయ్యమన్న."

"మంచిగనే చేసిండు మరి" అంది. అలాగే పేడ మీద కూలబడింది.

ఆ రోజే సైకిల్ మీద పోయి పశువుల డాక్టరును కలిశాను. నలిగిన నరం మళ్లీ అతకదన్నాడు. కావాలంటే పెద్ద జాతి ఆబోతు విత్తనం ఆవుకు సూదితో ఎక్కిస్తానన్నాడు. తిరిగి వచ్చి చెబితే పొజ్జే తల అడ్డంగా ఊపింది. "గుట్ట ఎక్కలేని దూడను నేనేం చేసుకోను?"

ఊరు నాకు కొత్త పేరు పెట్టింది: బధియా కాశయ్య. ఒక పెళ్లి పందిట్లో హుంగా, "కాశన్న ఆశీర్వాదం పెళ్లికొడుక్కి వద్దురా, హిందీలో ఇస్తడు" అన్నాడు. అందరూ నవ్వారు. పొజ్జే నవ్వలేదు.

"ఆయన కోడెను తప్పు చూడలే. మాట తప్పు విన్నడు. కోడె మంచిదే ఉండె" అంది.

ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు అన్నం దిగేది.

ఈ ఏడు తొలకరి పడ్డాక నాకు కబురు పంపింది. వెళ్లేసరికి కాడి కడిగి, పసుపు రాసి ఉంది. ఆబోతు మెడ మీద కాడి పెట్టడం మా దగ్గర లేదు. పెట్టామంటే అది ఇక ఆబోతు కాదని ఊరికి చెప్పినట్టు.

"నువ్వే పెట్టన్నా" అంది.

"నా చేత్తోనా?"

"ఎంచినోడివి నువ్వే గదా. వేరేవాళ్లతో పెట్టిస్తే దానికి చిన్నతనం."

పాత ఎద్దుకు జతగా పెట్టాను. పెనుగులాడుతుందేమో అనుకున్నాను. అది మెడ వంచి ఇచ్చింది. నేను నాగలి పట్టాను, ఆమె ముందు నడుస్తూ పలుపు పట్టింది. మడి చివరిదాకా వెనక్కి తిరిగి చూడలేదు. చాలు తిన్నగా వచ్చింది, మొదటి రోజు పశువులా లేదు.

ఆవులు అడవిలో ఏదో ఊరి కోడెతో కలిశాయి. పోయిన నెల రెండు ఈనాయి, రెండూ పెయ్యదూడలే. పొజ్జే పిలిస్తే వెళ్లాను. కాళ్లు సన్నం, గిట్టలు మెత్తన. కళ్లు మాత్రం తల్లులవి.

"ఎట్లున్నయ్ అన్నా?"

"బాగున్నయ్."

"అబద్ధం గూడ నేర్చినవా" అంది, కోపం లేకుండా.

నేను అక్కడే నిలబడ్డాను. ఆమె వంగి, సరిగా నిలబడలేని దూడను పొట్ట కింద చెయ్యేసి లేపి, తల్లి పొదుగుకు అందించింది.