అందరూ కూర్చుంటేనే వచ్చే ఛానల్

అమెరికాలోని బెంటన్‌విల్‌లో మా ఇంటి కప్పు మీదున్న డిష్ మా ఆయనకి ప్రాణం. తెలుగు ఛానళ్ళ కోసమని పెట్టించి, ఇంగ్లీషు ఛానళ్ళు కూడా హెచ్‌డీలో తీసుకున్నారు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు వాళ్ళ టీవీ వైపు చూసి, "పిక్చర్ కొంచెం డల్‌గా ఉన్నట్టుంది బ్రదర్" అని జాలిపడేవారు. అలా జాలిపడీ జాలిపడీ మా తెలుగు చర్చిలో అందరి చేతా అదే డిష్ పెట్టించారు. కంపెనీ వాళ్ళు ఆయనకి ఒక్క పైసా ఇవ్వలేదు. ఆ ఉత్సాహంలో సగం ఇంటి పనిలో చూపిస్తే నా నడుం బాగుండేది.

ఆ డిష్‌తో ఒక చిత్రం జరిగింది. మా ఊరి టీవీ స్టేషన్‌కీ డిష్ కంపెనీకీ ఏదో పేచీ వచ్చి, మా ఊరి ఛానల్ తీసేసి, దాని స్థానంలో అదే నెట్‌వర్క్ వాళ్ళ న్యూయార్క్ ఛానల్ పెట్టారు. సీరియళ్ళు అవే, ఆటలు అవే కాబట్టి మా ఆయనకి తేడా తెలియలేదు. టీవీలో వాన అన్న రోజు గొడుగు పట్టుకుని ఆఫీస్‌కి వెళ్ళేవారు. బయట ఎండ ఫెళ్ళున కాసేది. "ఇక్కడి వెదర్ వాళ్ళు ఒక్కరోజు కూడా కరెక్ట్‌గా చెప్పి చావరు" అని సాయంత్రం గొడుగు విదిలించి మూల పెట్టేవారు.

మా సంఘం చిన్నది. స్కూలు జిమ్ అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకుంటాం. మా ఊరి స్టేషన్ వాళ్ళు ఏటా క్రిస్మస్ ముందు ఊళ్ళోని చర్చిల క్వయర్లను పిలిచి, తలా ఒక పాట రికార్డు చేసి, ఒక ఆదివారం సాయంత్రం ప్రసారం చేస్తారు. ఆ ఏడు మొదటిసారి మమ్మల్నీ పిలిచారు. మా పాటలో ఒక చరణం ఒక్కరే పాడాలి. ఆ ఒక్కరూ నేనే.

ఇందులో అంత గొప్పేముంది అనుకోకండి. నర్సాపురంలో మా చర్చిలో నేను పాడటం మొదలుపెడితే వెనక బెంచీల వాళ్ళు కూడా కబుర్లు ఆపేవారు. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయడానికి లేదు. ఏ పార్టీకి వెళ్ళినా ఫలానా ఆయన మిసెస్‌ని. ఈ దేశంలో నన్ను నా కోసం ఎవరైనా పిలవడం అదే మొదలు. తెర మీద నన్ను నేను ఒక్కసారి చూసుకోవాలి. అంతే. ఇంకేమీ అక్కర్లేదని ప్రార్థన కూడా చేసుకున్నాను.

రికార్డింగ్ రోజున క్వయర్ ఆడవాళ్ళందరికీ హెచ్‌డీ భయం పట్టుకుంది. "హెచ్‌డీలో మచ్చలన్నీ మ్యాగ్నిఫై అవుతాయంట అక్కా!" అని ఎవరో అన్నారు. ఇంకేముంది, పౌడర్ డబ్బాలు ఖాళీ అయ్యాయి. పాస్టరమ్మ గారు అచ్చం పిండిమరలోంచి వచ్చినట్టు వచ్చారు. పాట బాగానే కుదిరింది. ఎలా వచ్చిందో ఒకసారి చూపించమంటే, ఆదివారం టీవీలో చూసుకోండి అని స్టేషన్ వాళ్ళు నవ్వారు. వెబ్‌సైట్‌లో పెడతారా అంటే పాటల హక్కుల గొడవట, పెట్టరట.

ప్రసారానికి వారం ముందు పాస్టర్ గారు ఫోన్ చేసి, కార్యక్రమం గురించి ఛానల్‌లో ప్రకటన వేస్తున్నారని చెప్పారు. ఆ సాయంత్రమంతా టీవీ ముందు కూర్చున్నాను. మా ప్రకటన రాలేదు గానీ, సబ్‌వే రైళ్ళు ఆలస్యంగా నడుస్తున్నాయని రెండుసార్లు చెప్పారు.

"ఏవండీ, మన ఊళ్ళో సబ్‌వే ఎప్పుడు వేశారు?" అని అడిగాను.

మా ఆయన లాప్‌టాప్‌లోంచి తలెత్తి, ఆ ఛానల్ వంక మొట్టమొదటిసారి శ్రద్ధగా చూశారు. అది న్యూయార్క్ ఛానలని అప్పుడు తెలిసింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. అన్ని వందల ఛానళ్ళలో నాకు కావలసిన ఆ ఒక్కటి లేదు. సంఘంలో ఇంకెవరింటికైనా వెళ్ళి చూద్దామంటే, అందరికీ ఈయన ధర్మమా అని అదే డిష్!

తప్పు తన మెడకే చుట్టుకుంది కాబట్టి ఆయనే తేరుకున్నారు. "నువ్వు టెన్షన్ పడకు. లోకల్ ఛానల్ గాల్లో ఫ్రీగా వస్తుంది. యాంటెన్నా పెట్టేస్తా. ఆ రోజు సెమీ క్రిస్మస్ మనింట్లోనే చేద్దాం, అందర్నీ ఇన్వైట్ చేసెయ్" అన్నారు. క్రిస్మస్‌కి ముందే ఇంటింటా సెమీ క్రిస్మస్ అని కేకులూ బిర్యానీలూ పెట్టుకోవడం మా వాళ్ళకి అలవాటే. బిర్యానీ వండేది నేను కాబట్టి ఆహ్వానాలు ఆయన ధారాళంగా పంచారు.

తెచ్చిన యాంటెన్నా చూస్తే పెళ్ళి శుభలేఖలా పల్చటి అట్టముక్క. దాన్ని గోడగోడకీ అంటిస్తూ "వచ్చిందా?" అని ఆయనా, "వచ్చింది! ఆగండి! పోయింది!" అని నేనూ, శనివారం పొద్దంతా గొంతులు పోగొట్టుకున్నాం. టవర్ మా ఇంటి వెనక వైపు ఉంది. అట్టముక్కని వెనక అద్దాల తలుపుకి అంటిస్తే సరిపోయేది, కానీ వైరు పొట్టిది. చివరికి టీవీ వెనక గోడకే కుదిరింది. అద్దాల తలుపులోంచి వచ్చిన సిగ్నలు హాలు దాటి వచ్చి అట్టముక్కకి తగలాలన్నమాట. బొమ్మ మాత్రం అద్భుతంగా వచ్చింది. డిష్‌లో కంటే బాగుంది. అదే మాట అంటే మా ఆయన మొహం చిన్నబుచ్చుకుని, "డిష్‌లో కంప్రెస్ చేసి పంపుతారు కదా, అదీ సంగతి" అన్నారు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమని చెప్పగల సమర్థుడు.

ఆదివారం అందరూ వచ్చారు. పెద్దవాళ్ళు సోఫాల్లో, మిగతావాళ్ళు కార్పెట్ మీద ఒకరి ఒళ్ళో ఒకరన్నట్టు సర్దుకున్నారు. కార్యక్రమం మొదలైంది. ఒక్కో చర్చి వాళ్ళు పాడుతుంటే, వాళ్ళ కోటు గుండీలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపిస్తున్నారు. ఇంతలో తెర మీద మా క్వయర్ ప్రత్యక్షమైంది. వరసలో మూడో మనిషిని నేను. నా చీర అంచు కనిపించింది. అప్పుడు మా పాస్టర్ గారు లేచారు.

"దేవుని పాట వస్తుంటే కూర్చుంటామా అమ్మా? అందరం లేచి నిలబడదాం!"

మా సంఘంలో ఆ మాట అన్నాక కూర్చుని ఉండేవాళ్ళు లేరు. హాలు నిండా జనం ఒక్కసారిగా లేచారు. అద్దాల తలుపుకీ అట్టముక్కకీ మధ్య భక్తులతో గోడ కట్టినట్టయింది. బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోయింది. పాస్టరమ్మ గారి పౌడరు బుగ్గ ఒక మూల, తబలా మీద చెయ్యి ఒక మూల ఆగిపోయాయి.

"కూర్చోండి! సిగ్నల్ బ్లాక్ అవుతోంది, ప్లీజ్, కూర్చోండి!" అని టీవీ వెనకనుంచి మా ఆయన కేకలు.

ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. బొమ్మ పోయిందని పాస్టర్ గారు మాత్రం గ్రహించారు. గ్రహించి, ఆ ఆటంకాన్ని గద్దిస్తూ చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ఎత్తితే అందరూ ఎత్తారు. ఉన్న గోడ మీద ఇంకో మూరెడు గోడ లేచింది. ఆ గళ్ళు కూడా పోయి తెర నల్లబడింది.

"పాస్టర్ గారూ, కూర్చోండి!" అని అరిచాను. మా వంశంలో పాస్టర్ గారి మీద అరిచిన మొదటి మనిషిని నేనే. ఆయన కళ్ళు తెరిచి, నన్ను చూసి బెదిరి, ఆమేన్ అని కూర్చున్నారు. అందరూ కూర్చున్నారు. బొమ్మ నిమ్మళంగా తిరిగొచ్చింది. తెర మీద ఇంకో చర్చి పిల్లలు గంటలు వాయిస్తున్నారు.

సంఘంలోని ఒక తమ్ముడు అంతా ఫోన్‌లో తీశానన్నాడు. చూస్తే అందరి వీపులూ, పైకెత్తిన చేతులూ. నేను వంటింట్లోకి వెళ్ళి బిర్యానీ గిన్నె మూత తీసి, ఆవిరి వంకతో ఏడ్చాను. చిన్నపిల్లలా ఏడ్చాను. మా ఆయన స్టేషన్‌కి మెయిల్ పెట్టారు. కాపీలు ఇవ్వరట, వచ్చే ఏడు మళ్ళీ రమ్మన్నారు.

రెండు మూడు రోజులయ్యాక సరుకులకి వెళ్ళాను. పాల అరల దగ్గర ఒక అమెరికన్ ముసలావిడ నన్నే చూస్తోంది. దగ్గరికొచ్చి, ఆదివారం టీవీలో పాడింది మీరే కదా, అని అడిగింది. అవునన్నాను. ఒక్క మాట అర్థం కాలేదు గానీ కాఫీ పక్కన పెట్టేసి, కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నానంది. కూర్చుని విందట! ఆవిడ మీద నాకు ఎక్కడలేని అసూయ పుట్టింది. మా ఇంట్లో బొమ్మ పోయిందనీ, నేను నన్ను చూసుకోలేదనీ చెప్పాను.

ఆవిడ చేతిలో బుట్ట కింద పెట్టింది. కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి గుండె మీద పెట్టి, గడ్డం కొంచెం ఎడమకి ఎత్తి, మాటలు లేకుండా కూనిరాగం తీసింది. రాగం అటూ ఇటూ పోయింది గానీ అది నా చరణమే. పై స్థాయికి వచ్చేసరికి మునివేళ్ళ మీద లేచి నిలబడింది. నేనలా లేస్తానని నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. పాల క్యాన్లు తోసుకొస్తున్న ఒకాయన బండి ఆపి నిలబడిపోయాడు.

ఆవిడ మడమలు దించి, కళ్ళు తెరిచి, "ఇలా పాడావు" అంది.

చాలా బాగా పాడాను.