అరుగు కింద చదివిన సమానత్వం

మొన్న ఆదివారం ఈ పరాయి దేశంలో, పాయా లేబర్‌లోని మా ఫ్లాట్‌లో ఖాళీగా ఉన్న గది చూడడానికి ఒక తెలుగు అబ్బాయి వచ్చాడు. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగమట. కూర్చుంటూనే అందుకున్నాడు: "మూడు చోట్ల ఇండియన్స్‌కి గది ఇవ్వం అని మొహం మీదే చెప్పేశారంకుల్! ఇంత డెవలప్డ్ కంట్రీలో ఈ డిస్క్రిమినేషన్ ఏంటండీ?" పాపమనిపించి గ్లాసుతో మంచినీళ్లిచ్చాను. మాటల్లో ఊరి పేరొచ్చింది. మా ఊరే. సాక్షాత్తూ మా హెడ్మాస్టారి మనవడు!

నా ఈడువాళ్లకు మా ఊరి బడిలాంటి సర్కారు బళ్లు గుర్తుండే ఉంటాయి. ఊరి పిల్లలు బల్లల మీద, ఊరవతల పేట పిల్లలం మేము తలుపు దగ్గర, ఎవరి గోనెపట్టా వాళ్లు తెచ్చుకుని నేల మీద. మంచినీళ్ల మట్టికుండా, గ్లాసూ కూడా మాకు వేరే. మా పలకలు హెడ్మాస్టారు ముట్టుకునేవారు కాదు; కింద పెట్టి వెనక్కి జరిగితే బెత్తంతో చూపిస్తూ తప్పులు దిద్దేవారు. అంతటి మడి మనిషికి మా అక్క గొంతు మాత్రం అంటు కాలేదు! రిపబ్లిక్ డేకి ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారని, చట్టం ముందు అందరూ సమానులేనన్న రాజ్యాంగం మాటలు తడబడకుండా చదవగలిగేది అక్క ఒక్కతే గనక, ఆమెకే నేర్పించారు. తీరా ఆ రోజు ఊరి పిల్లలందరినీ అరుగు మీద నిలబెట్టి, అక్కను అరుగు కింద ఎండలో నిలబెట్టి చదివించారు. ఇన్‌స్పెక్టరు గారు మురిసిపోయి చప్పట్లు కొట్టారు గానీ, ఆ పిల్ల కింద ఎందుకుందని అడిగిన పాపాన పోలేదు. చదవడమయ్యాక అక్క, తను చదివింది నిజమని నమ్మిన పిచ్చిది, ఇప్పుడు నేనూ పైకి రావచ్చా మాస్టారూ అని అడిగింది. ఆ ఒక్క మాటకు పేరు కొట్టేశారు. నాన్న వెళ్లి అదే అరుగు కింద నిలబడి బతిమాలినా కరగలేదు. టీచరు కావాలనుకున్న అక్క మిరప చేలల్లో కూలికి వెళ్లింది. ఆ కూలితో నేను పాలిటెక్నిక్ చదివి, ఇక్కడి జురాంగ్ ఐలాండ్‌లో రిఫైనరీ ఉద్యోగం దాకా వచ్చి, ఇక్కడే తల నెరిశాను.

ఇవేవీ చెప్పకుండా, మీ తాతగారి దగ్గరే చదువుకున్నానన్నాను. అబ్బాయి సంబరపడిపోయి, "అవునా అంకుల్! ఊళ్లో మీది ఏ వీధి?" అన్నాడు. మా పేట పేరు చెప్పాను. నోటిదాకా వెళ్లిన గ్లాసు బల్ల మీదికి దిగింది. దాహంగా లేదన్నాడు, గది కాస్త చిన్నదన్నాడు, ఫోన్ చేస్తానన్నాడు. అరగంట క్రితం వివక్ష మీద ఉపన్యాసం దంచిన నోరే అది! తమ దాకా వస్తే తప్ప నొప్పి తెలియని ఈ సరుకును చూస్తే నాకిప్పుడు కోపం కూడా రాదు, రోత పుడుతుంది.

అక్కకు ఫోన్ చేసి చెబితే పగలబడి నవ్వింది. "గది ఎవరికన్నా ఇచ్చుకోరా, నువ్వు మాత్రం ఏ వీధని అడగమాక" అంది. తర్వాత ఏం తోచిందో, ఆనాటి రాజ్యాంగం మాటలన్నీ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. మట్టికుండలు పోయాయి, గోనెపట్టాలు పోయాయి, నేను దేశమే మారాను. ఆ నీళ్ల గ్లాసు మాత్రం మళ్లీ నా ఎదుటికే వచ్చింది. అక్క అప్పజెబుతుంటే ఆయాసం వినిపించి, కూర్చుని మెల్లగా చెప్పవే అన్నాను. అవి కూర్చుని చెప్పే మాటలు కాదు కదరా, లేచి నిలబడ్డానంది.