అందించని మాట

నా గొంతులో ఒక మాట ఇరుక్కుని ఏళ్లయింది. మింగలేక, కక్కలేక ముసలివాణ్ణయ్యాను. మా ఆవిడకు చెప్పలేదు. నాటకాల మిత్రులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిచే ధైర్యమే ఉంటే ఈ కాగితం ఎందుకు?

నేను తెలుగు పంతుల్ని. జగిత్యాల దగ్గరి ఒక ఊళ్లో హైస్కూల్లో పనిచేశాను. అక్కడ మాకొక కళాసమితి ఉండేది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు పాటలు, నాటకం నేర్పేవాళ్లం. ఏటా ఒక నాటకం తయారుచేసుకుని పోటీలకు పోయేవాళ్లం. రాసేది నేను. తెర పక్కన నిలబడి, మరిచిపోయినవాళ్లకు మాట అందించేదీ నేనే. ఆడవేషానికి మాత్రం ప్రతి ఏడూ గుంటూరు వైపు నుంచి ఎవరినో పిలిపించేవాళ్లం. మా ఊళ్లో ఆడవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్ల నోట శుద్ధమైన తెలుగు పలకదని మా నమ్మకం. ఆ నమ్మకం మాకు ఎవరు అంటగట్టారో గాని, దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగినవాళ్లలో నేనే ముందున్నాను.

ఎనభైల మొదట్లో ఒక ఏడు, పిలిచిన నటి రాలేదు. మా డైరెక్టరు నర్సయ్య కిరాణా కొట్టు మనిషి, మొండివాడు. ‘మన రాజమణితో వేయిద్దాం’ అన్నాడు.

రాజమణి మా ఊరి కోడలు, బీడీలు చుట్టేది. భర్త మస్కట్‌లో ఉండేవాడు. ఆడబిడ్డ కూతుర్ని మా తరగతికి దింపడానికి వచ్చి, చాటలో తునికాకు పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునేది. చేతులు బీడీల మీద, చెవులు మా మీద. పిల్లలకంటే ముందు పాటలన్నీ ఆమెకే వచ్చేవి. నాటకమనగానే అత్త కస్సుమంది. పోటీలో గనక మంచి పేరొస్తే, వచ్చే ఎండాకాలం నుంచి ఆడపిల్లల తరగతి రాజమణికే అప్పగిస్తామని నర్సయ్య మాటిచ్చాడు. కోడలు పంతులమ్మ అవుతుందనేసరికి ముసలావిడ మెత్తబడింది. రాజమణి సంగతి చెప్పనక్కరలేదు. ఆ రోజు నుంచి ఆమె నేల మీద నడవలేదు.

చదువు నాలుగో తరగతితోనే ఆగింది. అందుకని నేను చదివితే ఆమె విని నేర్చుకునేది. నా గొంతు పట్టుకునే పాఠమంతా ఎక్కించుకుంది. ఒక్కచోట మాత్రం ఎప్పుడూ ఆగేది. పెంపుకిచ్చిన బిడ్డను తిరిగి అడగడానికి వచ్చిన తల్లి వేషం ఆమెది. ఏడ్చి ఏడ్చి కూలబడుతుంది. తలెత్తి మళ్లీ మొదలుపెట్టాలి. అక్కడ మాట తప్పిపోయేది. నేను పక్కనుంచి ‘పాలు’ అనేవాణ్ణి. అంతే. ‘పాలిచ్చింది నేను’ అని అందుకుందంటే ఇక ఆపేవాళ్లు లేరు.

మరి నాకేం నొప్పి? చెబుతాను. సిగ్గుపడే చెబుతాను.

‘నా కన్నబిడ్డను నాకు ప్రసాదించండి, మీ ఔదార్యం నాకు అక్కరలేదు’ అని రాశాను నేను. ఒకరోజు రిహార్సల్లో ఆమె, తెలిసి చేసిందో తెలియక చేసిందో, ‘నా బిడ్డను నాకియ్యుండ్రి, మీ పుణ్యం మీ కాడనే ఉండనియ్యుండ్రి’ అనేసింది. నర్సయ్య కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

“పంతులూ, గీ మాటనే ఉంచుదాం. నీ రాత పుస్తకంల ఉండనీ.”

ఆ తర్వాత ఒక్కొక్కటే నా వాక్యాలన్నీ రాలిపోయాయి. నేనే కూర్చుని ఆమె మాటల్ని నా ప్రతిలో ఎక్కించుకున్నాను. నవ్వుతూనే ఎక్కించుకున్నాను. ఆమె మాట నా మాటకంటే బాగుందని నాకు తెలుసు. అదే కదా మంట! బాగా లేకపోతే నేనెందుకు కుళ్లుకుంటాను?

పోటీలు కాగజ్‌నగర్‌లో. పెద్దపల్లిలో రైలెక్కి పోయాం. సాయంత్రం మేకప్పుకు ముందు టీ తాగుతుంటే వేరే సమితి ఆయన ఒకరు, మీ నాటకంలో మాటలు బాగున్నాయట, రాసిందెవరని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా నర్సయ్య అందుకున్నాడు.

“రాసింది మా పంతులే. పానం పోసింది మాత్రం గీ రాజమణి.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాజమణి సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సిగ్గు కూడా ఆ క్షణంలో నాకు పొగరులా కనిపించింది.

తెర లేచింది. ఆమె అడుగుపెట్టాక జనం కదల్లేదు. కూలబడింది. ఏడ్చింది. తలెత్తింది. ఆగింది.

మాట నా నాలుక మీద ఉంది. మరిచిపోలేదు, ప్రతిలో వరస తప్పలేదు, దగ్గు రాలేదు. ఇన్నేళ్లలో ఈ సాకులన్నీ నాకు నేను చెప్పుకుని చూశాను, ఒక్కటీ అతకలేదు. ఆమె నా వైపు చూడలేదు. చూడకూడదని నేనే నేర్పాను. చెవి మాత్రం ఇటు పెట్టింది, బావిలోకి చేద వదిలిన మనిషిలా నా మాట కోసం కాచుకుంది. చూద్దాం, ఇప్పుడు నీ సొంత మాటలు తెచ్చుకో అనుకున్నాను. కావాలనే అనుకున్నాను. ముందు వరసలో ఎవరో ఈల వేశారు. తర్వాత చప్పట్లు, వెక్కిరింపు చప్పట్లు. ఎదుటి నటుడు ఏదో కల్పించి లాగబోయాడు. ఆమె నోరు పెగల్లేదు. నర్సయ్య తెర దించేశాడు.

తెల్లారి పెద్దపల్లి స్టేషన్లో బస్సు కోసం బయటికి నడుస్తుంటే ఆమె నా పక్కకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“సార్, మీరు మాట అందిచ్చిండ్రు గదా?”

“అందిచ్చిన రాజమణీ. గట్టిగనే అందిచ్చిన.”

“నాకు ఇనవడలే సార్. మా అవ్వకు గూడ చెవుడుండె. నాకు గదే వచ్చినట్టున్నది. మీ అందరి పరువు తీసిన.”

“జర డాక్టర్‌కు చూపిచ్చుకో,” అన్నాను.

అన్నాను! తెర పక్కన చేసింది కోపంలో చేశానని ఏడవచ్చు. ఈ మాట మాత్రం చల్లగా, ఆలోచించి, పెద్దమనిషి గొంతుతో అన్నాను.

ఆ నెలలోనే సమితి కూర్చుంది. ఆడవేషాలకు మళ్లీ బయటివాళ్లనే పిలవాలని, ఆడపిల్లల తరగతి ఇప్పట్లో వద్దని తేల్చింది. నర్సయ్య ఒక్కడే కాదన్నాడు. నేను చెయ్యెత్తాను, వద్దన్నవాళ్లతో కలిసి. రాజమణి కరీంనగర్ పోయి చెవులు చూపించుకుంది. ఏమీ లేదన్నాడట డాక్టరు. ఆమె నమ్మలేదు. డాక్టరు ఎవరో, పంతులు తనవాడు కదా. ఆమె మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. బీడీలు చుట్టేచోట తోటివాళ్లు చెవిటి రాజమణి అని ఆటపట్టిస్తే తనూ నవ్వేదట. నేను మాత్రం కొన్నాళ్లకు బదిలీ మీద వెళుతూ సమితి వాళ్ల చేత శాలువా కప్పించుకున్నాను.

తొంభైల్లో ఒకసారి మనవడికి అక్షరాభ్యాసం చేయించడానికి బాసర పోయాను. జనం, గంటలు, పిల్లల ఏడుపులు. వాడు పలక మీద చెయ్యి పెట్టనంటే, వంగి చెవిలో గుసగుసగా ‘ఓం అనరా’ అన్నాను. కాస్త దూరంలో, నాకు వీపు పెట్టి కూర్చున్న ఒక ఆడమనిషి చటుక్కున తిరిగింది.

రాజమణి.

అంత గోలలో నా గుసగుస ఆమెకు వినబడింది. నేను స్తంభం చాటుకు పోయాను. చాటున నిలబడడం నాకు అలవాటే. ఆమె వెతికింది. ఒళ్లో ఉన్న చిన్నపిల్ల ఎవరే అవ్వా అని అడిగింది.

“ఎవ్వరు లేరు బిడ్డా. మా సార్ గొంతు లెక్క ఇనవడ్డది. నా చెవులు మంచియి గావు.”

నాలుగడుగులు వేస్తే చాలు. వేయలేదు. మనవణ్ణి ఎత్తుకుని వెనక దారిన బయటపడ్డాను.

ఇక ఇదీ సంగతి. రాజమణి చెవుల్లో ఏ లోపమూ లేదు. ఆ సాయంత్రం తెర పక్క నుంచి ఎవరూ ఏమీ అనలేదు. ‘పాలు’ అనాలి, నేను అనలేదు. చూశారా, ఇది కూడా నా పుస్తకాల తెలుగులోనే రాశాను, ఆమె కూడబలుక్కుని చదవాలన్నా చదవలేని తెలుగులో. రాశాక గొంతు కాస్త వదులైంది. అదీ నాకే. ఆమె ఇంకా చెవిటిదే.